ఒకే కంప్యూటరులో రెండు నిర్వహణ వ్యవస్థలు

కంప్యూటరు అనగా తెర, మీటల పలక, లోహపు పెట్టె మాత్రమే కాదు. ఆ భాగాలన్నింటినీ ఒక క్రమంలో నడిపించే కార్యక్రమం లేనిదే అది పనిచేయజాలదు. దీనినే ఆపరేటింగ్ సిస్టం, అనగా నిర్వహణ వ్యవస్థ అంటారు. మనకు చిరపరిచితమైన విండోస్ అట్టిదే. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ మరొకటి. లినక్స్‌ను ఎవరైనను ఉచితంగా పొందవచ్చును. దాని నిర్మాణాన్ని చదివి, మార్చి, ఇతరులకు పంచవచ్చును. మన హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ దీనిని తెలుగులోనికి తెచ్చుటకు కృషి చేసినది.

ఒకటి ఉండగా రెండవది ఎందులకు? ఉర్దూ పుటలను నస్తలీఖ్ లిపిలో కూర్చే ఇన్‌పేజ్, తెలుగు పుటలను కూర్చే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కొరకు నిర్మింపబడినవి. ఛత్తా బజారు ముద్రణశాలలలో పని నేర్వగోరు విద్యార్థి విండోస్‌ను విడనాడలేడు. కాని విండోస్ 10కు లభించుచుండిన సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. పాత యంత్రాలు పెక్కింటికి విండోస్ 11ను స్వీకరించే అర్హత లేదు. క్రొత్తది కొనుట మాదన్నపేటలోని అనేక కుటుంబాలకు భారం. అట్టి యంత్రంలోనే లినక్స్‌ను చేర్చి, ఇంటర్నెట్ పనులు లినక్స్‌లో, అక్షరకూర్పు విండోస్‌లో సాగించుకొనవచ్చును.

అయితే ఒక్క మీట పొరపాటున నొక్కినచో ధ్రువపత్రాల ప్రతులు, ప్రాజెక్టు నివేదికలు, ఉపకారవేతన పత్రాలు సమస్తం చెరిగిపోగలవు. కావున ఈ క్రింది క్రమాన్ని విద్యార్థులు తప్పక పాటింపవలెను.

మొదటిది, ప్రతి తీసుకొనుట. ముఖ్యమైన ఫైళ్లన్నింటినీ వేరొక హార్డ్‌డిస్క్‌లోనికి ఎక్కించి, మరొక కంప్యూటరులో తెరచి చూడవలెను. తెరచి చూడని ప్రతిని నమ్మరాదు.

రెండవది, తాళపు సంఖ్య. కొన్ని యంత్రాలలో బిట్‌లాకర్ అను రక్షణ ఉండును. ప్రారంభ విధానం మారగానే అది 48 అంకెల సంఖ్యను అడుగవచ్చును. ఆ సంఖ్యను ముందే కాగితంపై వ్రాసి భద్రపరచుకొనవలెను.

మూడవది, విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయుట. అది పనిచేయుచున్నంతకాలం విండోస్ పూర్తిగా మూతపడదు. సగం నిద్రలో ఉండును. ఆ స్థితిలో లినక్స్ వెళ్లి విండోస్ విభాగంలో వ్రాసినచో ఫైళ్లు చెడిపోవును.

నాల్గవది, స్థలం కల్పించుట. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారానే దాని విభాగాన్ని కుదించి, సుమారు 50 జీబీ ఖాళీగా విడువవలెను. ఆ ఖాళీకి పేరు పెట్టవలదు, ఫార్మాట్ చేయవలదు.

ఐదవది, పరీక్ష. ఉబుంటు లేదా లినక్స్ మింట్‌ను దాని అధికార స్థానం నుండే పొంది, 16 జీబీ పెన్‌డ్రైవ్‌పై ఎక్కించవలెను. ఆ పెన్‌డ్రైవ్‌లోని పాత విషయమంతా చెరిగిపోవును గాన ఖాళీదానినే ఎన్నుకొనవలెను. హార్డ్‌డిస్క్‌ను తాకకుండ, పెన్‌డ్రైవ్ నుండే లినక్స్‌ను నడిపి, వైఫై, శబ్దం, తెలుగు, ఉర్దూ అక్షరాలు సరిగా ఉన్నవో లేవో చూడవచ్చును.

ఆరవది, స్థాపన. విండోస్ యూఈఎఫ్ఐ విధానంలో ఉన్నచో పెన్‌డ్రైవ్‌ను కూడా ఆ విధానంలోనే ప్రారంభింపవలెను. విండోస్‌ను ఉంచి దాని ప్రక్కన చేర్చు మార్గాన్నే ఎన్నుకొనవలెను. డిస్క్ అంతయు తుడుచు మార్గాన్ని ఎన్నడూ ముట్టరాదు. పని నడుమ విద్యుత్తు పోయినచో ప్రమాదం గనుక యూపీఎస్ గాని, నిండిన బ్యాటరీ గాని ఉండుట క్షేమకరం.

విండోస్ ముందు, లినక్స్ తరువాత అను వరుసకు కారణం ఉన్నది. విండోస్‌ను స్థాపించునపుడు అది తన ప్రారంభ వ్యవస్థనే ముందుంచును, లినక్స్‌ను లెక్కింపదు. లినక్స్‌తో వచ్చు గ్రబ్ అను కార్యక్రమం సాధారణంగా రెండింటినీ గుర్తించి, యంత్రం వెలిగినపుడు ఏది కావలెనో అడుగును.

తరువాతి చిక్కులు కూడా తెలిసి ఉండవలెను. గడియారం ఐదున్నర గంటలు తేడా చూపినచో యంత్రం చెడినదని భయపడరాదు. యంత్రంలోని గడియారాన్ని విండోస్ స్థానిక కాలంగా, లినక్స్ ప్రపంచ ప్రామాణిక కాలంగా భావించును. మన దేశకాలానికి, దానికి ఉన్న అంతరం అంతే. లినక్స్‌లో ఒక అమరిక మార్చినచో సరిపోవును. 2024 ఆగస్టులో వెలువడిన విండోస్ భద్రతా సవరణ వలన ఇట్టి జంట వ్యవస్థలున్న కొన్ని యంత్రాలలో లినక్స్ ప్రారంభం కాకపోయినది. కావున స్థాపనకు వాడిన పెన్‌డ్రైవ్‌ను పారవేయక దాచవలెను. లినక్స్ వలదనుకొన్ననాడు మొదట విండోస్ ప్రారంభ వ్యవస్థను ముందుంచి, అది తానుగా తెరచుకొనుట చూచిన పిమ్మటనే లినక్స్ విభాగాన్ని తొలగింపవలెను.

కళాశాల కార్యవర్గానికి ఒక విన్నపం. ప్రయోగశాలలో వాడుక తప్పిన పాత కంప్యూటరు ఒకదానిని ఈ అభ్యాసానికై ప్రత్యేకింపవలెనని కోరుచున్నాము. అందులో పోగొట్టుకొనుటకు ఏమియు ఉండదు గనుక విద్యార్థులు నిర్భయంగా స్థాపించి, తొలగించి, మరల స్థాపింపవచ్చును. అచ్చట రెండుమార్లు చేసినవారు ఇంటిలోని ఏకైక యంత్రాన్ని ముట్టుకొనుటకు అర్హులగుదురు.