పితరుల ఆచారమును, గర్వహృదయమును

పఠన భాగము: అపొ. కార్యములు 9:1–19, గలతీయులకు 1:13–16

నైజీరియా దేశపు రచయిత చినువా అచేబే 1958లో 'థింగ్స్ ఫాల్ అపార్ట్' అను నవలను ప్రచురించెను. అతని తండ్రి మిషను ఉపదేశి. అయినను కుమారుడు, క్రొత్త మతమును ఎదిరించిన ఒక గ్రామ పెద్ద కథనే వ్రాసెను. అది మన సంఘములు యోచింపదగిన కథ.

1. గర్వము వెనుక భయము

ఒకొంక్వో ఇగ్బో జాతివాడు, పేరుపొందిన మల్లుడు, కష్టజీవియైన రైతు. అతని తండ్రి అప్పులతోనే మరణించెను. తండ్రివలె దుర్బలుడనిపించుకొందునేమో యను భయము అతనిని ఏలెను. తన ఇంట పెరిగి, తన్ను తండ్రీ అని పిలిచిన ఇకెమెఫునా అను బాలుని, దేవత పలుకు చొప్పున ఊరివారు చంపునప్పుడు తానును కత్తి ఎత్తెను. వద్దని ఒక వృద్ధుడు ముందే వారించినను వినలేదు.

ఆ దినమున పెద్దకుమారుడైన న్వోయే హృదయము విరిగెను. తరువాత మిషనరీలు పాడిన పాట ఆ గాయమును తాకెను. అతడు సంఘమునకు వెళ్లెనని తండ్రి మెడపట్టి కొట్టగా, ఇల్లు విడిచిపోయెను. క్రొత్త మతము పిలువకముందే ఇంటి కాఠిన్యము కుమారుని త్రోసివేసినది.

2. సంఘము నడచిన రెండు త్రోవలు

బ్రౌను దొర గ్రామ పెద్దయొద్ద కూర్చుండి దేవునిగూర్చి మాటలాడెను, అతని మాటలును వినెను. బడిని, చిన్న ఆసుపత్రిని కట్టించెను. తరువాత వచ్చిన స్మిత్తు దొరకు ఆ ఓర్పు లేదు. ఈనోకు అను విశ్వాసి, పితరుల వేషము ధరించినవాని ముసుగు లాగివేయగా, ఊరివారు గుడిని నాశనము చేసిరి. ప్రభుత్వాధికారి పెద్దలను చెరపట్టి అవమానపరచెను. కడకు ఒకొంక్వో కోర్టు బంట్రోతును నరికెను. ఊరు తనతో నిలువదని గ్రహించి ఉరివేసికొనెను.

3. సౌలును, అననీయయు

సౌలును పితరుల ఆచారముకొరకు రోషముగలవాడే. అతడును మార్గమున పడెను. అయితే చిన్నబిడ్డవలె ఇతరులు తన చెయ్యిపట్టి నడిపింప ఒప్పుకొనెను. అతడు బంధింపవచ్చిన శిష్యులలో ఒకడైన అననీయ, భయపడుచునే వెళ్లి అతనిపై చేతులుంచి, సహోదరుడని పిలిచెను. సౌలు తన జనులను ద్వేషింపలేదు; వారి నిమిత్తము దుఃఖించెను (రోమా 9:1–3).

బ్రౌను దొర ఒకొంక్వో ఇంటికి వెళ్లెను గాని, ఒకొంక్వో అతనిని బెదిరించి తరిమివేసెను. మన ఊరిలో సువార్తను ఎదిరించు పెద్దాయన హృదయములోను ఏదో భయముండవచ్చును. వాదముచేత గెలుచుటకంటె, అతని అరుగుమీద కూర్చుండి వినుట మేలు. గర్వము సంఘము వెలుపలనే లేదు. తరతరములుగా విశ్వాసులమైన మనలోను, బిడ్డలు క్రొత్త మాట చెప్పగానే చెయ్యెత్తు తండ్రులున్నారు.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. నా కోపము దేవుని నిమిత్తమా, నా పరువు నిమిత్తమా?
2. నా బిడ్డ నాతో ఏకీభవింపనప్పుడు నేను విందునా, కొట్టుదునా?
3. ఈ నెలలో మనము ఎవరి గుమ్మము తొక్కి, సహోదరుడా అని పిలువవలెను?