పండుగ గడచిన తరువాత

చదువవలసిన భాగములు: రాజుల మొదటి గ్రంథము 19:1-18, లూకా 2:20



డిసెంబరు నెలలో మన గుడి ఇరుకుగా నుండెను. నక్షత్ర దీపములు, ఇంటింటి పాటలు, ప్రేమవిందు, 31వ తేది అర్ధరాత్రి కూడిక అన్నియు సంతోషముగా జరిగినవి. ఇప్పుడు సంక్రాంతియు దాటినది. గుడిలో చాపలు సగము ఖాళీగా నున్నవి. కొత్తబట్టల అప్పు అంగడి పుస్తకములో నిలిచియున్నది. వేరుశనగ అమ్మిన సొమ్ము విత్తనముల బాకీకే చాలని యిండ్లు గలవు. ప్రార్థనకు కూర్చుంటే మాట రావడము లేదని మాతో చెప్పువారును కలరు. ఇది విశ్వాసము చెడినదనుటకు గుర్తా? కాదని ఏలీయా చరిత్ర బోధించుచున్నది.

మన దిగులుకు మన నేలయు కొంత కారణము. అనంతపురము సీమలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును; ఈశాన్యపు వానలు కోస్తాను తడిపి మనదాక వచ్చుసరికి పలుచబడును. వేరుశనగ కోత ముగిసిన తరువాత వర్షాధారపు చేలలో పని అరుదు. కాబట్టి పండుగ ముగియుటయు పని ముగియుటయు మనకు ఇంచుమించు ఒకేసారి వచ్చును. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలము బండ్లపల్లిలోనే ప్రారంభింపబడెను. మన కొరత దేశమునకు తెలిసినదే. అందువలన దిగులుపడిన సహోదరుని అవిశ్వాసియని మందలించుట న్యాయము కాదు.

ఏలీయా దినములలోను కరువే. మూడున్నర సంవత్సరములు వాన లేదు. కర్మెలుమీద అగ్ని దిగెను, ప్రజలు సాగిలపడిరి, ఆ దినముననే గొప్ప వాన కురిసెను. అయినను యెజెబెలు పంపిన ఒక్క బెదిరింపు మాటకు ప్రవక్త యెజ్రెయేలునుండి బెయేర్షెబాకు పారిపోయెను. అది సుమారు 150 కిలోమీటర్లు. అనంతపురమునుండి బెంగుళూరు దారిలో మూడింట రెండు వంతులు. పిమ్మట అరణ్యములో బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. ఇది వాన రాకపోయినందుకు కాదు, వాన వచ్చిన తరువాతనే! అప్పుడు దేవుడు అతనికి చేసినవి మూడు.

1. అన్నమును నిద్రయు ఇచ్చెను. దూత అతనిని గద్దింపలేదు. రెండు మారులు తట్టి లేపి, కాల్చిన రొట్టెయు నీళ్లును చూపెను. మన యిండ్లలో పండుగకు వండి వడ్డించిన తల్లులు అలసియున్నారు. వారికి విశ్రాంతి నిచ్చుటయు భక్తియే. అప్పును దాచినయెడల నిద్ర చెడును. భార్యాభర్తలు కూర్చుండి లెక్క వ్రాసికొనుడి. పాత అప్పు తీర్చుటకు కొత్త అప్పు చేయకుడి. కొత్తబట్టలు లేని క్రిస్మసు తక్కువ క్రిస్మసు కాదు. మన ప్రభువు పొత్తిగుడ్డలలోనే పండుకొనెను.

2. మెల్లని స్వరము వినిపించెను. కర్మెలులో అగ్నిచేత ఉత్తరమిచ్చిన దేవుడు హోరేబులో గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను లేడు. మైకును పెద్దపాటలును డిసెంబరుకు తగినవే. జనవరికి దీపము పెట్టు వేళ ఒక అధ్యాయము, ఒక చిన్న ప్రార్థన చాలును. మాట రాని దినమున ఒక కీర్తన మెల్లగా చదువుడి. జాన్ వెస్లీ 1755లో లండనులో నిబంధన ఆరాధన జరిపెను. తరువాత అది మెథడిస్టు సంఘములలో కొత్త సంవత్సరపు ఆచారమాయెను. పని దొరికినను దొరకకున్నను మేము దేవునివారమేయని ఒప్పుకొనుటయే దాని సారము. ఒప్పందము ఉత్సాహముమీద నిలువదు, మాటమీద నిలుచును.

3. పనియు తోడును ఇచ్చెను. వచ్చిన త్రోవనే తిరిగి పొమ్మని చెప్పి, ముగ్గురిని అభిషేకించు పని అప్పగించెను. వారిలో ఎలీషా పొలము దున్నుచుండగా దొరికెను. ఒక్కడనే మిగిలితినని ఏలీయా తలంచెను. దేవుని లెక్కలో ఏడు వేలమంది యుండిరి. మనలో కొన్ని కుటుంబములు పనికై బెంగుళూరు పోవుచున్నవి. వారు పెద్దలకు చెప్పి పోవలెను. సంఘము వారికి పరిచయపు ఉత్తరము ఇచ్చి, ఆదివారము ఫోనులో పలుకరింపవలెను. ఊరిలో మిగిలిన ముసలివారిని, బడిపిల్లలను ఇంటికొకరిగా చూచుకొనవలెను. వలసపోవుట అవమానము కాదు. యోసేపు మరియలు శిశువును ఎత్తుకొని ఐగుప్తుకు పోయిరి గదా.

బేత్లెహేము గొల్లలను చూడుడి. వారు దేవుని స్తుతించుచు తిరిగి వెళ్లిరి. మరునాటి రాత్రి దూతలు మరల కనబడిరని వ్రాయబడలేదు. గొఱ్ఱెలు అవే, కాపలా అదే. అయినను తాము చూచినది అబద్ధమని వారనుకొన నక్కరలేదు. ప్రియులారా, పండుగ వెలుగు మన యింట తగ్గినది గాని పుట్టిన రక్షకుడు తిరిగి పోలేదు. ఈ వారము మన యెదుటనున్న చిన్న పనిని ఆయన పేరట ఆరంభింతము.

ఇంటి కూడికలలో ఆలోచించుటకు:

1. దేవుడు ఏలీయాతో మాటలాడుటకు ముందు అతనికి భోజనమేల పెట్టెను?
2. మన వీధిలో వలసపోయినవారి యింట ఎవరు మిగిలియున్నారు? వారిని చూచుకొనువారెవరు?
3. వచ్చే పండుగను అప్పు లేకుండ చేయుటకు ఇప్పటినుండి ఏమి చేయుదము?