పొలం గట్టు మీంచి గడప మీదికి

ఇంటికి పండగ కళ ఎట్లా తేవాలని మా కోడళ్లు, మేనకోడళ్లు ఏటా అడుగుతూనే ఉంటారు. అడిగేటప్పుడు ఫోన్‌లో బొమ్మలు కూడా చూపిస్తారు. నారింజ రంగు ఆకుల దండలు, పైన్ చెట్టు కాయలు, గడ్డితో కట్టిన బొమ్మలు. బాగానే ఉంటాయి, కాదనను. కానీ అది చలిదేశాల శరత్తు. మనూళ్లో ఆ ఆకులూ లేవు, ఆ కాయలూ లేవు. కొనాలంటే ప్లాస్టిక్‌వే దొరుకుతాయి. మన శరత్తుకు మన సరుకు బోలెడుంది, అదీ చాలావరకు ఊరికే దొరికేది. దాన్ని ఎప్పుడు కోయాలో, ఎన్నాళ్లుంటుందో, ఎప్పుడు తీసెయ్యాలో తెలిస్తే చాలు. నాకు తెలిసినంత రాసి పెడుతున్నా.

1. మన శరత్తులో ఆకు రాలదు

ఆశ్వయుజం, కార్తీకం. ఇంగ్లీషు లెక్కలో సుమారుగా సెప్టెంబరు చివరినుంచి నవంబరు చివరిదాకా. వానలు వెనకపట్టి, చెరువులు నిండి, చెట్లన్నీ ముదురు పచ్చగా ఉండే రోజులు. మనకు ఆకు రాలేది సంక్రాంతి దాటాక, శిశిరంలో. కాబట్టి ఈ రెండు నెలలూ ఎర్రటి ఎండుటాకుల కోసం వెతుక్కోకండి. ముందు పూలు, మధ్యలో దీపాలు, చివర కంకులు. వరస ఇంతే. దసరానాడే వరికంకుల కుచ్చు కావాలంటే చేలో కంకి ఇంకా పాలమీదే ఉంటుంది. దీపావళికి గునుగు కోసుకొద్దామని వెళితే గింజ రాలిపోయి ఈనెలే మిగులుతాయి.

2. కొనేముందు గట్ల వెంట ఒకసారి నడవండి

జొన్నచేలో, పత్తిచేలో, కందిచేలో తెల్లగా, కొసన లేత గులాబీగా నిలబడి ఉంటుంది గునుగు. రైతుకది కలుపు. అయినా చేనుగలవాళ్లను అడగకుండా దిగొద్దు. మొలిచింది కలుపే అయినా తొక్కేది పంటను. అడిగితే ఎవరూ వద్దనరు. "తీస్కపో అక్కా, నాకు కలుపు కూలి తప్పుతది" అని నవ్వుతూ చెప్పినవాళ్లే అందరూ. పొద్దున మంచు ఆరాక వెళ్లండి. తడిమీద కోసింది మూటలో ఉడికిపోతుంది. కత్తెరో చిన్న కొడవలో పట్టుకెళ్లి కాడ జానెడున్నర పొడవుండేట్టు కోయండి. పొట్టికాడ దేనికీ పనికిరాదు.

ఊరికి దూరంగా ఉన్నవాళ్లు బజారులో కొనక తప్పదు. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల ముందురోజు నుంచి పల్లెల ఆడవాళ్లు గునుగు, తంగేడు గంపల్లో తెచ్చి రోడ్డుపక్కన కూర్చుంటారు. వాళ్లతో గీసి బేరమాడకండి. అడవికి పోయి కోసి, మోసుకొచ్చిన కష్టం ఆ కట్టలో ఉంది.

3. గునుగు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి

బతుకమ్మ పేర్చడానికి గునుగు లేకపోతే కుదరదని తెలంగాణలో పుట్టిన ఎవరికైనా తెలుసు. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగిసే పండగ. 2014లో రాష్ట్ర పండగ అయింది. తాంబాళంలోనో వెదురు సిబ్బిలోనో గుమ్మడాకులు పరిచి, గునుగు కాడలు లోపలికి, పువ్వు బయటికి వచ్చేట్టు గుండ్రంగా పేరుస్తాం. ఒక వరస గునుగు, ఒక వరస తంగేడు, మీద బంతి, సీతజడ. నడుమ ఖాళీని తరిగిన ఆకులతో, కత్తిరించిన కాడలతో గట్టిగా నింపుతూ రావాలి. నింపడం మానేసి అంచులు మాత్రం చక్కగా పేర్చుకుంటూ పోతే నాలుగో వరసకే ఒకపక్కకు వాలుతుంది. అందం బయటిదే, బలమంతా లోపలి చెత్తది. మీద పసుపు గౌరమ్మ.

అయితే బతుకమ్మ ఆడి, నీళ్లలో వదిలేది. దాన్ని షోకేసు బొమ్మలాగా మరో వారం ముందుగదిలో ఉంచుకోవడం నాకు నచ్చదు. ఇంట్లో ఉంచుకోవడానికి వేరే గునుగు పక్కన పెట్టుకోండి.

దాన్ని ఎండబెట్టే పద్ధతి ఇది. పువ్వు నిండా విచ్చాలి, కానీ గింజ పడకూడదు. వేళ్లతో నలిపి చూస్తే నల్లటి సన్నగింజలు రాలుతుంటే ముదిరిందని లెక్క. అది ఎండాక గచ్చంతా గింజలే. ఆకులన్నీ దూసేసి, గుప్పెడు గుప్పెడు కట్టలుగా కట్టండి. దారంతో కాదు, రబ్బరు బ్యాండుతో. కాడ ఎండినకొద్దీ సన్నబడుతుంది, దారం వదులై ఒక్కో పువ్వూ జారిపోతుంది. రబ్బరైతే దానితోపాటే బిగుస్తుంది. గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీయండి. ఎండలో పెడితే గులాబీ రంగు పోయి గడ్డిరంగు మిగులుతుంది. పది పదిహేను రోజుల్లో కాగితంలా గలగలమంటుంది. అప్పుడు నీళ్లు పోయకుండా ఇత్తడి చెంబులోనో మట్టి కూజాలోనో నిలబెడితే సంక్రాంతి దాకా అట్లాగే ఉంటుంది. సీతజడ కూడా ఇదే పద్ధతిలో ఎండుతుంది. మఖమల్‌లాంటి ఆ ముదురెరుపు పెద్దగా తగ్గదు. తెల్ల గునుగు మధ్యలో రెండు సీతజడలు పెట్టి చూడండి.

ఇక రంగులు. గునుగును ఆకుపచ్చలో, నీలంలో, ముదురు గులాబీలో ముంచి తీయడం మా చిన్నప్పటినుంచీ ఉంది. బతుకమ్మకు వద్దనను. మెరుపు కోసం రంగు డబ్బాలు గుమ్మరించేది మాత్రం చివరికి చెరువులోకే పోతుంది. ఇంట్లో పెట్టుకునే కట్టకు ఆ అవసరమే లేదు. దాని సొంత రంగుకు పసుపు గోడ వెనక ఉంటే అంతకు మించి కావలసిందేముంది?

4. తంగేడు ఏ పూటకా పూటే

తెలంగాణ రాష్ట్ర పుష్పమని ఎంత పేరున్నా, కోసిన తంగేడు దాచుకునే పువ్వు కాదు. పొద్దున కోసింది సాయంత్రానికి రేకు వదులుతుంది. మొగ్గలెక్కువున్న కొమ్మలు కోసుకొచ్చి నీళ్లలో పెడితే మర్నాటికి కొన్ని విచ్చుతాయి. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

5. బంతి దండకు తొందర పనికిరాదు

బంతిని మన పువ్వే అనుకుంటాం గానీ దాని పుట్టిల్లు మెక్సికో. అక్కడ నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్లను తలుచుకునే పండగకు ఇళ్లనూ సమాధులనూ ఈ పువ్వుతోనే నింపుతారు. సముద్రాలు దాటొచ్చి మన గుమ్మం ఎక్కింది, మన దేవుళ్ల మెడలోనూ పడింది. ఇప్పుడది లేని దసరాను ఊహించలేం.

దండ గుచ్చేటప్పుడు సూది తొడిమలోంచి పువ్వు నడిమికి దిగాలి. పక్కనుంచి రేకుల్లో గుచ్చితే పని త్వరగా అవుతుంది, దండ పొడుగ్గానూ కనిపిస్తుంది, మర్నాటికి సగం పువ్వులు నేలమీద ఉంటాయి. నూలుదారం రెండు పేటలు తీసుకోండి. తాజాగా ఉంటుందని దండమీద నీళ్లు చల్లేవాళ్లున్నారు. బంతి రేకుల మధ్య నీరు నిలిస్తే కుళ్లు వాసన వస్తుంది. ముందురోజు తెచ్చిన పూలను ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి ఉంచినా అంతే, చెమటపట్టి నల్లబడతాయి. గంపలో పలచగా పరిచి తడిగుడ్డ కప్పితే చాలు.

పెరడుందా, లేకపోతే మిద్దె మీద నాలుగు కుండీలున్నాయా? బంతి నారు నాటిన రెండు నెలలకల్లా పూతకొస్తుంది. పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని శ్రావణం మొదట్లోనే నాటండి. దసరా ముందురోజు బజారులో పూల ధర వినడం తప్పుతుంది.

6. మామిడి తోరణం, ఈనెపుల్ల

రాగిరంగు లేతాకు వద్దు, పూటలోనే ముడుచుకుంటుంది. బాగా ముదిరి మచ్చలు పడిందీ వద్దు. మధ్యరకం ఆకు తోలులా మందంగా ఉంటుంది, తడి త్వరగా పోనివ్వదు. అందుకే పచ్చదనం రోజుల తరబడి నిలుస్తుంది. దారం మీదుగా ఆకు మొదలును వెనక్కి మడిచి, కొబ్బరి చీపురు ఈనె ముక్కతో కుట్టండి. ఈమధ్య అందరూ స్టేప్లర్ పట్టుకుంటున్నారు. పని తేలికే. పండగయ్యాక ఆ తోరణం వీధిలో పారేస్తే పశువు తింటుంది, పిన్నులతో సహా. ఆ ఒక్క కారణానికే మా ఇంట్లో స్టేప్లర్ తోరణం దగ్గరికి రాదు.

7. గడప

పసుపు, కుంకుమ, కింద జాజు, మీద బియ్యప్పిండి ముగ్గు. చీమలొస్తాయని బియ్యప్పిండి మానేయకండి, చీమలకోసమే అది. స్టిక్కర్ ముగ్గులు అతికించినవాళ్లు తర్వాత ఆ జిగురును గీకుతూ కూర్చోవడం చూశాను. ఇంకేం చెప్పను.

8. ఇంట్లో చిన్న పచ్చిక

బొమ్మల కొలువు ఆంధ్రలో ఎక్కువమంది సంక్రాంతికి పెడతారు, కొందరిళ్లలో దసరాకే. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలున్నా, పిల్లలు మట్టితో చేసినవే ఉన్నా, వాటి ముందు నిజమైన పచ్చిక ఉంటే కొలువుకు ప్రాణం వస్తుంది. కొలువు లేనివాళ్లు కూడా కిటికీలో పెట్టుకోవచ్చు.

లోతులేని పళ్లెంలో రెండువేళ్ల మందాన మట్టి గానీ కొబ్బరిపీచు పొట్టు గానీ పరవండి. మెంతులైతే రాత్రంతా నానబెట్టి, ఆవాలైతే నానబెట్టకుండా, ఒత్తుగా చల్లండి. మొలక వచ్చేదాకా తడిగుడ్డ కప్పి, రాగానే వెలుతురులోకి మార్చండి. నీళ్లు చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. చేత్తో చిలకరించాలి. వారానికి చక్కటి పచ్చదనం వస్తుంది. కనుక ఏ రోజుకు కావాలో చూసుకుని ఏడెనిమిది రోజుల ముందు చల్లుకోండి. పిల్లలకు అప్పగించడానికి ఇంతకన్నా మంచి పని లేదు. పొద్దున లేవగానే పళ్లెం దగ్గరికే పరుగు. ఆ వారం ఫోన్ అడగరు. పండగయ్యాక మెంతికూర పప్పులోకి, పళ్లెం అటక మీదికి.

9. ప్రమిదలు నీళ్లు తాగాలి

కొత్త ప్రమిదల్లో నేరుగా నూనె పోస్తే మట్టి పీల్చేసుకుంటుంది. ముందు కొన్ని గంటలు నీళ్లలో వేస్తే బుడబుడమని గాలి వదులుతాయి. ఆ బుడగలు ఆగాక తీసి, ఆరబెట్టి వాడండి. దీపావళి ఒక్కరోజు కోసమైతే ఏదో ఒకటి చేసుకోవచ్చు గానీ, కార్తీకమంతా రోజూ సాయంత్రం పెట్టేవాళ్లకు నూనె ఖర్చు తెలుస్తుంది. అడుగున చిన్న పళ్లెం ఉంటే గచ్చుకు మరక పడదు.

ఒక జాగ్రత్త. ఎండిన గునుగు, వరికంకి, తాటాకు బొమ్మ, వీటి దరిదాపుల్లో దీపం ఉండకూడదు. నిప్పురవ్వ చాలు. దీపాలకు ఒక గోడ, ఎండువాటికి ఎదురుగోడ అని మొదటే తేల్చుకోండి.

10. కంకుల కుచ్చు

ఇది నేను గోదావరి జిల్లాలో మా వియ్యాలవారింట నేర్చుకున్నాను. అక్కడ కొత్త వరికంకుల్ని కుచ్చులుగా కట్టి చూరుకు వేలాడదీస్తారు. గుళ్లలోనూ కనిపిస్తాయి. పిచ్చుకలు వచ్చి తింటాయి. అలంకరణకు అలంకరణ, పిట్టకు తిండి.

కంకి బంగారు రంగుకు తిరిగి, కాడలో ఇంకా కొంచెం పచ్చి ఉన్నప్పుడే కోయాలి. పూర్తిగా ఎండాక కోస్తే ముట్టుకున్నప్పుడల్లా గింజ రాలుతుంది. ఆకు ఒలిచేసి, కాడలు విరక్కుండా తడిగుడ్డలో కాసేపు చుట్టి ఉంచండి. గుప్పెడు కంకుల్ని మెడ దగ్గర బిగించి కట్టి, పైనున్న కాడల్ని మూడు పాయలుగా జడ అల్లి, కొస మడిచి ఉంగరంలా ముడేస్తే అదే వేలాడదీసే కొక్కెం. పొరలు పొరలుగా, గంటలాగా అల్లే పెద్ద కుచ్చులు చేయి తిరిగినవాళ్ల పని. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలే తప్ప రాసి చెప్పలేను. అపార్ట్‌మెంట్‌లో ఉంటే బాల్కనీలో కట్టండి. ఇంటి లోపల మాత్రం వద్దు. పిచ్చుకలకన్నా ముందు ఎలుకలకు కబురందుతుంది.

11. అమెరికాలో ఉన్న పిల్లలకు

మీకు ఆకులు నిజంగానే రంగు మారుతాయి, వాడుకోండి. చలి ముదిరేకొద్దీ ఆకులో పచ్చదనం విరిగిపోయి అడుగునున్న పసుపు బయటపడుతుంది. మేపుల్ ఎరుపు అట్లా కాదు, ఆకు ఆఖరి రోజుల్లో కొత్తగా తయారుచేసుకునే రంగు. రాలిన రోజే ఏరి, తడి తుడిచి, న్యూస్‌పేపర్ మధ్య పెట్టి లావుపాటి పుస్తకం కింద వారం రోజులుంచండి. దారానికి గుచ్చితే మీ గుమ్మానికి అదే తోరణం. బతుకమ్మకు అక్కడి దుకాణాల్లో ఆ కాలంలో అమ్మే చామంతి కుండీలు సరిపోతాయి. గునుగు కావాలని బెంగపెట్టుకోకండి. అక్కడి నర్సరీల్లో సెలోషియా పేరుతో అమ్మేది గునుగు జాతే. ఇక్కడినుంచి పచ్చి మామిడాకులో, బంతి గింజలో సూట్‌కేసులో దాచి తీసుకుపోవద్దు. తనిఖీలో తీసేసుకుంటారు, చెప్పకుండా దాచారని జరిమానా కూడా వేస్తారు.

12. దించే రోజు

కట్టిన రోజే దించే రోజు కూడా అనుకోవాలి. బంతి దండ నల్లబడకముందే తీసేయండి. మంచి పువ్వులు కొన్ని నీడలో ఎండనిచ్చి, కాగితం పొట్లంలో కట్టి తేదీ రాసుకుంటే వచ్చే ఏటికి విత్తనం. మిగతా పూలూ మామిడాకులూ ఎరువుగుంతలోకి, గుంత లేకపోతే కుండీల మొదట్లోకి. నూలుదారం మాత్రం పారేయకండి. ఉండచుట్టి ఈనెపుల్లలతోపాటు డబ్బాలో వేస్తే సంక్రాంతి తోరణానికి పనికొస్తుంది.