విదేశమందున్న మనవారి ఓటు

కోనసీమ, కడప, కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు వెళ్ళినవారు అనేకులు కలరు. వారి ఇల్లు, పొలము, కన్నవారు ఇచటనే యున్నారు. అయినను ఎన్నికలు రాగానే, “మావాడు దేశములో లేడుగదా, వానికి ఓటెక్కడిది?” అని ఇంటివారే అనుట మనము వినుచున్నాము. ఇది పొరపాటు.

పూర్వము ఈ మాట చాలవరకు నిజమే. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము, ఒక ఊరిలో సాధారణముగా నివసించువారికే ఆ ఊరి జాబితాలో చోటుండెను. పార్లమెంటు 2010లో ఆ చట్టమును సవరించినది. 2011నుండి ఈ సవరణ అమలులోనున్నది.

ఈ హక్కు ఎవరికి కలదు? పదునెనిమిది ఏండ్లు నిండి, చదువుకో, పనికో విదేశమునకు వెళ్ళి, అచటి పౌరసత్వమును స్వీకరింపని భారత పౌరులకు కలదు. అమెరికా మొదలగు దేశముల పౌరులైనవారికి లేదు.

పేరు నమోదగుటకు 6ఎ ఫారము నింపవలెను. పాస్‌పోర్టులో స్వదేశపు చిరునామా ఏ ఊరిదో, ఆ నియోజకవర్గపు ఓటర్ల నమోదు అధికారికి దానిని పంపవలెను. పాస్‌పోర్టు, వీసా నకళ్ళను జతపరుపవలెను. ఎన్నికల సంఘపు వెబ్‌సైటు ద్వారా కూడ పంపవచ్చును.

పిమ్మట బూత్ స్థాయి అధికారి స్వగ్రామములోని ఇంటికి వచ్చి, బంధువులను విచారించును. ఇంటివారి బాధ్యత ఇచటనే యున్నది. “మాకేమి తెలియును” అని వారిని త్రిప్పి పంపరాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఆ నకళ్ళు సరియైనవని ధ్రువపరుపవలెను. బంధువులు ముందునకు రానిచో ఆ పత్రములు విదేశములోని మన రాయబార కార్యాలయమునకు పరిశీలనకై పోవును, పని ఆలస్యమగును.

ఇట్లు నమోదైనవారికి ఓటరు గుర్తింపు కార్డు ఈయరు. పోలింగు నాడు స్వయముగా వచ్చి, అసలు పాస్‌పోర్టును చూపి ఓటు వేయవలెను. అన్నకు బదులు తమ్ముడు వేయుట నేరము.

ఇందలి కష్టమును మేము దాచుటలేదు. 2024 లోక్‌సభ ఎన్నికలనాటికి దేశమంతట ఇట్టి ఓటర్లు 1,19,374 మంది నమోదుకాగా, వచ్చి ఓటు వేసినవారు 2,958 మంది మాత్రమే. కూలికి వెళ్ళినవానికి విమానపు ఖర్చు, సెలవు సామాన్యమైనవి కావు. ప్రతినిధి ద్వారా ఓటు వేయు వీలు కల్పించు బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించినను, 2019లో అది మురిగిపోయినది. తపాలా ఓటు సౌకర్యము వీరికింకను లభింపలేదు.

అయినను జాబితాలో పేరుండుట మేలు. సెలవులో ఇంటనున్నప్పుడు ఎన్నికలు వచ్చినచో, పేరు లేనివాడు చూచుచు నిలువవలసినదే. కావున ఈసారి విదేశమునుండి ఫోను వచ్చినప్పుడు, క్షేమసమాచారములతోబాటు 6ఎ ఫారము మాటయు మనవారి చెవిని వేయుదము.