పొదుగు వేడి చెప్పే సంగతి

పందెపు గుర్రం కుంటకముందే దాని కాలిలోని వాపును పట్టే కెమెరా ఒకటుంది. ఒంటి నుంచి వెలువడే వేడిని అది రంగులుగా చూపిస్తుంది. వాచినచోటికి రక్తం ఎక్కువగా పారుతుంది గనుక అక్కడ చర్మం కాగుతుంది. కుడికాలిని ఎడమకాలితో పోల్చి, ఒక డిగ్రీ సెంటీగ్రేడు తేడా ఉన్నా పశువైద్యులు అనుమానిస్తారు.

కురబలకోటలో పందెపు గుర్రాలెక్కడివి అంటారా? మన సీమావు పొదుగుకూ ఇదే సూత్రం. పొదుగువాపును ఈ కెమెరాతో పసిగట్టవచ్చని విదేశీ డెయిరీల్లో జరిగిన పరిశోధనలు చూపాయి. అయితే ఒకటి రెండు ఆవుల పాలతో ఇల్లు నడుపుకునే రైతు కెమెరా కొనక్కర్లేదు. చెయ్యి చాలు.

తెల్లవారి పాలు పితికేముందు, పొదుగు కడగకముందే, నీడలో చేతి వెనకభాగాన్ని పొదుగు నాలుగు భాగాలకూ వరసగా ఆనించండి. ఎండలో కట్టేసిన ఆవుకు, తడిసిన పొదుగుకు, పేడ అంటినచోట లెక్క తప్పుతుంది. కెమెరాకైనా ఇంతే. ఒక భాగం మిగతావాటికన్నా వేడిగా, గట్టిగా ఉంటే ఆ చన్ను మొదటి ధారలను నల్లని గిన్నెలోకి పిండండి. తరకలు, నీళ్లపాలు, నెత్తుటి జీర కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. వాచిన పొదుగు చల్లబడితే తగ్గిందనుకుంటారు. చల్లబడి, నీలంగా మారి, ఆవు మేత మానేసిందంటే లోపలి కండ కుళ్లుతున్నట్టే. వేడికన్నా ఇది ప్రమాదం. ఆ పూటే వైద్యం అందకపోతే చన్నే కాదు, ఆవే దక్కకపోవచ్చు.

వేడి, వాపు ఏమీ లేకుండా పాలు తగ్గించే దొంగ పొదుగువాపు కూడా ఉంది. అది చేతికి అందదు. అర లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల సర్ఫు కలిపి పెట్టుకోండి. ఒక్కో చన్ను పాలు కొంచెం వేరువేరు గిన్నెల్లో పిండి, అంతే కొలత సర్ఫునీళ్లు పోసి ఒక నిమిషం తిప్పండి. జిగురులా చిక్కబడితే ఆ చన్నులో జబ్బున్నట్టు. పరీక్షించిన పాలు పారబోయండి.

జబ్బు చన్నును ఆఖర్న పితికి చేతులు కడుక్కోండి. ఇంజెక్షను వేయించాక వైద్యుడు చెప్పినన్ని రోజులు ఆ ఆవు పాలు కేంద్రానికి పోయకండి. పితికాక చన్ను రంధ్రం మూసుకునేందుకు అరగంట పడుతుంది. ఆ కాసేపూ ఆవు పడుకోకుండా ముందర పచ్చిమేత వేయండి.