దసరా కానుకయు ఆదాయపు పన్నును

ఏనుమాముల మార్కెట్టుకు కొత్త పత్తి రాక మొదలగు నాటికి వరంగల్లులో దసరా సందడియు మొదలగును. దుకాణపు యజమానులు గుమాస్తాలకు బట్టలో, వెండి నాణెమో, కొంత రొక్కమో ఇచ్చుటయు, విత్తనముల కంపెనీలు తమ డీలర్లకు బహుమానములు పంపుటయు ఈ దినములలోనే విశేషముగా జరుగుచుండును. ఇచ్చినవాడు సంతోషముతో ఇచ్చెను, పుచ్చుకొన్నవాడు సంతోషముతో పుచ్చుకొనెను, నడుమ ప్రభుత్వమునకేమి పనియని పలువురు అడుగుచుందురు. చట్టము మొట్టమొదట విచారించునది ఆ వస్తువు ఏ సంబంధమును బట్టి చేతికి వచ్చినదని.

ఈ ప్రశ్న తెలుగువారి నడుమ పుట్టియే సుప్రీంకోర్టు వరకు పోయినది. పిఠాపురపు రాజపుత్రికయు, అనంతరము బరోడా మహారాణియునైన సీతాదేవి, పరిమిశెట్టి సీతారామమ్మ యను నామెకు నగలును ధనమును ఇచ్చియుండగా, అవి చేసిన పనికి ప్రతిఫలమని ఆదాయపు పన్ను అధికారులును, ఆప్యాయతతో ఇచ్చిన కానుకలని ఆమెయు వాదించిరి. ఒక రాబడిని ఆదాయమని చెప్పి పన్ను వేయదలచినపుడు, అది పన్నుకు లోబడునదని నిరూపించు భారము శాఖదేయనియు, ఆదాయమని తేలిన పిమ్మట మినహాయింపు కోరునపుడు మాత్రమే ఆ భారము పన్ను చెల్లించువానిపై పడుననియు 1965లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. నోటీసు అందగానే దోషివలె వణకువారు ఈ తీర్పును జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

అయితే యజమాని ఉద్యోగికిచ్చు కానుక విషయమున ఈ తీర్పు అంతగా అక్కరకు రాదు. ఏలయన అట్టి కానుకను జీతములో భాగముగా లెక్కించుటకు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే మార్గమేర్పరచినది. ఆ చట్టము క్రింద 2025-26 వరకు, సంవత్సరమంతటిలో వస్తురూపమునగాని కూపన్ల రూపమునగాని ఇచ్చిన కానుకల మొత్తము 5,000 రూపాయల లోపుగా నున్నచో పన్ను లేకుండెను. హనుమకొండ దుకాణదారుడొకడు తన గుమాస్తాకు దసరాకు 3,000 రూపాయల పెంబర్తి ఇత్తడి పళ్లెమును, దీపావళికి 1,500 రూపాయల బట్టల కూపనును ఇచ్చెననుకొందము. ఇందు పన్నుకు తావులేదు. అదే దుకాణదారుడు పళ్లెమునకు మారుగా 3,000 రూపాయల రొక్కమును దసరా మామూలని చేతబెట్టినచో, ఆ మొత్తము మొదటి రూపాయి నుండి జీతముతో కలియును. ఇంట ఇత్తడి పళ్లెము కంటె రొక్కమే ఎక్కువ అక్కరకు వచ్చు చిన్న ఉద్యోగి విషయమున ఈ భేదమేల పాటింపవలెనో నాకెన్నడును బోధపడలేదు. 5,000 దాటినపుడు మొత్తమునకా, దాటిన భాగమునకేనా పన్ను అను వివాదము గూడ ఉండెను గనుక, ఆ గీత లోపలనే ఆగుట క్షేమముగా నుండెను. ఇంతకును, 2025-26లో కొత్త పన్ను విధానము ననుసరించువారికి 12 లక్షల రూపాయల వరకు ఆదాయముపై రిబేటు వలన పన్నే లేదు గనుక, సామాన్య గుమాస్తా ఈ లెక్కలకు భయపడ నక్కరలేదు. బట్టలు పెట్టితిని గనుక బోనసు ఇయ్యననెడి యజమాని మాట మాత్రము చెల్లదు; అర్హుడైన కార్మికునకు కనీసము 8.33 శాతము బోనసు చట్టము వలన సంక్రమించిన హక్కు.

డీలర్ల విషయము వేరు. టార్గెట్టు చేరిన ఎరువుల దుకాణదారుని సకుటుంబముగా బ్యాంకాకు పంపుట, బంగారు నాణెమో టీవీయో ఇచ్చుట మన జిల్లాలో నూతన విషయము కాదు. 2022 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన, 1961 చట్టములోని 194ఆర్ సెక్షను ప్రకారము, ఒక సంవత్సరములో ఇట్టి లాభముల విలువ 20,000 రూపాయలు మించినచో ఇచ్చువారు 10 శాతము టీడీఎస్ (మూలమునందే కోయు పన్ను) జమచేయవలెను. లక్ష రూపాయల ప్రయాణమునకు పదివేలు ముందుగనే ప్రభుత్వమునకు చేరవలెనన్నమాట. టికెట్టులోనుండి పదవవంతు కోయుటకు వీలులేదు గనుక, ఆ సొమ్మును డీలరు కట్టియైన చూపవలెను, లేక కంపెనీయే భరింపవలెను. డీలరు ఆ లక్షను తన వ్యాపారాదాయములో చూపి, కట్టిన పదివేలను పన్నులో మినహాయించుకొనవచ్చును. బిల్లులో తగ్గించిన డిస్కౌంటుకు ఈ నిబంధన వర్తింపదు. గత సంవత్సరపు టర్నోవరు కోటి రూపాయలు మించని సొంత వ్యాపారికి ఈ టీడీఎస్ బాధ్యత లేదు.

2026 ఏప్రిల్ 1 నుండి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టము అమలగుచున్నది గనుక, ఆ పిమ్మటి కానుకలకు సంఖ్యలను, సెక్షన్లను కొత్త నియమావళితో సరిచూచుకొనవలెను.

జీఎస్టీ సంగతి స్వల్పము. ఉద్యోగికి సంవత్సరమునకు 50,000 రూపాయల వరకు ఇచ్చు కానుకపై జీఎస్టీ లేదు. కాని పంచిపెట్టిన వస్తువులను కొన్నపుడు కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. మిఠాయి డబ్బాల బిల్లును ఆ క్రెడిట్ లెక్కలో చేర్చి పట్టుబడిన వ్యాపారులు కలరు.

ప్రభుత్వ కచేరీలోని అధికారికి పంపు పండ్లబుట్టను గూడ కొందరు కానుకల ఖర్చు ఖాతాలోనే వ్రాయుదురు. పని జరిపించుకొనుటకై ఇచ్చినది వ్యాపారపు ఖర్చు కాదు. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టము ప్రకారము ఇచ్చినవాడును శిక్షార్హుడే. అధికారి నిర్బంధించి పుచ్చుకొన్నచో మాత్రము, ఏడు దినములలోపల పోలీసులకుగాని అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీ) గాని తెలిపిన పౌరునికి ఆ శిక్ష వర్తింపదు. తెలంగాణలో ఏసీబీ టోల్‌ఫ్రీ సంఖ్య 1064.