ఇనుము కూడా అలిసిపోతుంది

అత్తా కోడళ్లు పెరట్లో దండెం కడుతున్నారు. తీగ పొడవు ఎక్కువైంది. తెంచడానికి ఇంట్లో పనిముట్టు లేదు. అత్త గట్టిగా లాగింది. తీగ తెగలేదు.

కోడలు తీగను ఒకేచోట ఇటు వంచింది, అటు వంచింది. పదిసార్లు వంచింది. తీగ పుటుక్కున తెగింది.

"లాగితే తెగలేదు. వంచితే ఎలా తెగిందే?" అంది అత్త.

"అలిసిపోయింది అత్తా!" అని నవ్వింది కోడలు.

కోడలు నవ్వులాటకే అంది. కాని ఆ మాట నిజమే. ఇంజనీర్లు కూడా దీన్ని 'లోహపు అలసట' అంటారు.

లోహం ఒక పెద్ద బరువును ఒకసారి మోయగలదు. అంతకన్నా చిన్న బరువే వేలసార్లు పడితే విరిగిపోవచ్చు. ఎందుకు? మూల దగ్గరో, గీత దగ్గరో వెంట్రుకంత పగులు పుడుతుంది. బరువు పడినప్పుడల్లా అది కొంచెం పెరుగుతుంది. మన కంటికి కనిపించదు. చివరికి ఒక్కసారిగా విరుగుతుంది.

విమానం కూడా లోహంతో చేసిందే. ఇంగ్లండులో 'కామెట్' అనే జెట్ విమానం చేశారు. అల్యూమినియంలో రాగి వంటివి కలిపిన గట్టి రేకు వాడారు. 1952లో అది ప్రయాణికులను ఎక్కించుకుంది. ఆకాశంలో పైన గాలి పలచన. అందుకని విమానం లోపల గాలి నింపుతారు. ఎగిరినప్పుడల్లా రేకు కొంచెం ఉబ్బుతుంది. దిగితే తగ్గుతుంది.

1954 జనవరి 10న ఇటలీ దగ్గర ఒక కామెట్ ఆకాశంలోనే ముక్కలైంది. 35 మంది చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. ఏప్రిల్ 8న ఇంకొకటి కూలింది. 21 మంది చనిపోయారు.

కారణం తెలియాలి. ఇంజనీర్లు మరో కామెట్‌ను పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టారు. దాని లోపలికి నీళ్లు గట్టిగా ఎక్కించారు, వదిలారు. మళ్లీ మళ్లీ చేశారు. అది ముందు ఎగిరినవీ, తొట్టిలో చేసినవీ కలిపి సుమారు 3 వేలసార్లు అయ్యాయి. అప్పుడు కిటికీ మూల దగ్గర రేకు చీలింది. తరువాత చేసిన కామెట్లకు రేకు మందం పెంచారు. కిటికీల మూలలు గుండ్రం చేశారు.

పెరట్లో తీగ అయినా, ఆకాశంలో విమానం అయినా లోహం తీరు ఒకటే. మనిషి అలసట నిద్రపోతే తీరుతుంది. లోహం అలసట తీరదు. పగులు దానంతట అది పూడదు.

బావి గిలక కొక్కెం, బొక్కెన కాడ, ఊయల గొలుసు రోజూ బరువు మోస్తాయి. వాటిని తుడిచి, వంపుల దగ్గర చూడండి. పగులు కనిపిస్తే మార్చండి. "ఇన్నాళ్లు ఆగింది, ఇప్పుడేమవుతుంది?" అనకండి. ఇన్నాళ్లు మోసింది కనుకే చూడాలి.

చెప్పండి:
1. లాగితే తెగని తీగ వంచితే ఎందుకు తెగింది?
2. మీ ఇంట్లో రోజూ బరువు మోసే ఇనుప వస్తువులు ఏవి?